మందిర్ హసౌద్ ఖదాన్లో సొరచేప

నా చిన్నప్పుడు మా ఇంట్లో సొరచేపల గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది నాకేనని గట్టి నమ్మకం. మేముండేది రాయ్‌పూర్‌లో. ఎటు వెళ్లినా సముద్రం కనబడాలంటే గంటల తరబడి రైల్లో కూర్చోవాల్సిందే. నా నమ్మకానికి అదేమీ అడ్డు రాలేదు. కొత్తగా రాష్ట్రం ఏర్పడిన రోజులవి. మా రైల్వే క్వార్టర్లకి కేబుల్ టీవీ కూడా అప్పుడప్పుడే వచ్చింది. అందులో జంతువుల చానెల్ ఒకటుండేది. సొరచేపలు వచ్చాయంటే అన్నం కంచం పట్టుకుని దాని ముందే కూర్చునేదాన్ని. బొంగురు గొంతుతో ఒకాయన హిందీలో వాటి పళ్ల వరుసల గురించి చెబుతుంటే నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. పన్నెండేళ్ల పిల్లని, చదువు అంతంత మాత్రం, ఇంట్లో నా మాటకి విలువ లేదు. సొరచేపల సంగతి ఎత్తితే మాత్రం మా చిన్నమావయ్య నోరు తెరుచుకుని వినేవాడు. అది నాకు చాలా గొప్పగా ఉండేది.

చిన్నమావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. ఉర్లా వైపు ఒక రోలింగ్ మిల్లులో పని చేసేవాడు. ఇంకా పెళ్లి కాలేదు, అమ్మమ్మతో పాటు మా ఇంట్లోనే ఉండేవాడు. అతనికి చేపలు పట్టడమంటే పిచ్చి. ఆదివారం వస్తే గాలం భుజాన వేసుకుని ఖారూన్ నది ఒడ్డుకు పోయేవాడు. ఒకసారి ఏదో పత్రికలో ఒక బొమ్మ చూశాడు. సన్నగా పొడుగ్గా ఒంటి మనిషి పడవ, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డు, సముద్రం మధ్యలో దాని మీద కూర్చుని ఒకడు గాలం వేస్తున్నాడు. దాన్ని కయాక్ అంటారట. ఇక మావయ్యకి మరో ధ్యాస లేదు. మిల్లు పక్క షెడ్డులో ఫైబర్ నీళ్ల ట్యాంకులు చేసేవారు. అక్కడి మేస్త్రీని బతిమాలుకుని, నెలల తరబడి సాయంత్రాలన్నీ అక్కడే గడిపి, నీలం రంగు కయాక్ ఒకటి తయారు చేశాడు. లోపల బోలుగా ఉండి పైన మూసేసి ఉంటుంది, ఆ పైభాగం మీద కూర్చోవడానికి పల్లంగా చోటు ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగా ఉంది. వేసవిలో సెలవు పెట్టి దాన్ని శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మ పుట్టిన ఊరి తీరానికి తీసుకెళ్లి, సముద్రంలో చేపలు పట్టాలని అతని పథకం.

ఇక్కడ అమ్మమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆమె పుట్టింది చేపల వేటకు వెళ్లే ఇంట్లో. పెళ్లయ్యేదాకా తెల్లారి తెప్పలు ఒడ్డుకు రాగానే చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేదట. మా తాతయ్యకి రైల్వేలో ఉద్యోగం వచ్చి రాయ్‌పూర్ చేరాక ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. కాలనీలో ఎవరు అడిగినా మా అమ్మ ‘మేం రైల్వేవాళ్లం’ అనేది, అంతటితో ఆగేది. నేనూ స్కూల్లో అంతే చెప్పేదాన్ని. అమ్మమ్మ గంప మోసిందని నా స్నేహితురాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారోనని నాకు సిగ్గుగా ఉండేది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా అది నిజం.

మావయ్య సముద్రం మీదికి వెళ్తాడనగానే నాలోని పండితురాలు లేచి కూర్చుంది. నోట్‌బుక్కు తెరిచి రోజుకో సొరచేప గురించి అతనికి పాఠం చెప్పాను. కింద నుంచి చూస్తే పడవ వాటికి సీలు జంతువులా కనబడుతుందనీ, చుక్క నెత్తురు ఎంత దూరం నుంచైనా పసిగడతాయనీ, మొదట ఒకసారి గుద్ది చూసి తర్వాత కొరుకుతాయనీ చెప్పాను. కొంత టీవీలో విన్నది, కొంత నేను కల్పించింది. మావయ్య ముఖంలో రంగు తగ్గేకొద్దీ నాకు హుషారు పెరిగేది. పాపం, అతను ప్రయాణం మానుకోలేదు. మానుకుని ఉంటే బాగుండేదేమో, దానికి బదులు సన్నాహాలు మొదలుపెట్టాడు.

మా రాయ్‌పూర్‌వాళ్లకి ఒక గుణం ఉంది. చుట్టూ ఇనుము ఫ్యాక్టరీలు కదా, ఏ భయం పట్టుకున్నా మందు ఇనుమే. దొంగల భయమైతే ఇనుప గ్రిల్లు, కోతుల భయమైతే ఇనుప జాలీ. మావయ్య కూడా అదే చేశాడు. కయాక్‌కి రెండు వైపులా సొరచేప కొరకకుండా ఇనుప జాలీ బిగించాడు. మిల్లులో మిగిలిన ఊచతో మూడు మొనల బల్లెం ఒకటి చేయించాడు. లంగరుకని బరువైన గొలుసు ఒకటి తెచ్చాడు. నేను పక్కనే నిలబడి అన్నీ సరిగ్గా ఉన్నాయని తల ఊపాను. అతనికైతే ధైర్యం వచ్చింది. “పూరా మజ్బూత్ చేసేను అమ్మా, ఇంక ఫికర్ నేదు” అని అమ్మమ్మకి చూపించాడు.

అమ్మమ్మ కయాక్ చుట్టూ ఒకసారి నడిచింది. జాలీని వేలితో తట్టి చూసింది. తర్వాత ఒక్కటే అడిగింది. “ఒరే, పడితే ఎలగెక్కుతావు?”

మావయ్య నవ్వాడు. పడితే కదా అన్నాడు. ఖారూన్‌లో అంత దూరం ఈదినవాడిని, నాకు ఎక్కడం రాదా అన్నాడు.  ఆ వారమంతా అమ్మమ్మ టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ దిమ్మల్ని ముక్కలు కోసి, పాత దుప్పటి గుడ్డలో కుట్టి, ఒక చొక్కా తయారు చేసింది. ఇప్పుడైతే అలాంటి దాన్ని నేను ఎవరికీ తొడగనివ్వను, సరైన లైఫ్ జాకెట్ ఉంటే తప్ప నీళ్లలో కాలు పెట్టనివ్వను. అప్పటికి మా ఊళ్లో మాకు దొరికింది అదే. సముద్రానికి వెళ్లే ముందు ఒక్కసారి ఎక్కడైనా లోతు నీళ్లలో తనకి చూపించమని అమ్మమ్మ అడిగింది. అడిగింది అన్నానేగాని, అది ఆజ్ఞే.

ఆ ఆదివారం పొద్దున్నే మావయ్య మిల్లు స్నేహితుడి టెంపోలో కయాక్ వేసుకుని ముగ్గురం ఊరి అవతల మందిర్ హసౌద్ దాటి వెళ్లాం. అక్కడ రాయి తవ్వి వదిలేసిన ఖదాన్ ఒకటుంది. వానలకి నిండి చెరువంత అయింది. మూడు వైపులా నిలువు గోడలు, ఒక వైపు మాత్రం ఒకప్పుడు లారీలు దిగిన దారి నెమ్మదిగా నీళ్లలోకి జారుతుంది. కాపలా ముసలాయన మా వాలకం చూసి దగ్గరికొచ్చాడు. మావయ్య చేతిలో మూడు మొనల బల్లెం చూసి, జాలిపడి, “ఇహాఁ మగర్ నఇ హే, బాబూ” అన్నాడు. ఇక్కడ మొసలి లేదయ్యా అని. మావయ్యకి కొంచెం రోషమొచ్చింది.

మావయ్య థర్మాకోల్ చొక్కా వేసుకుని, బల్లెం పక్కన ఆనించుకుని, గొలుసు ఒక కొస కయాక్‌కి కట్టి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఇంత ఇనుముతో కయాక్ నీళ్లలోకి బాగా దిగబడింది, అయినా తేలింది. తెడ్డు వేసుకుంటూ మధ్యకి వెళ్లాడు. సముద్రంలో ఎలా ఉండాలో అలాగే ఇక్కడా ఉండాలని మేమిద్దరం ముందే అనుకున్నాం. ఒడ్డున నిలబడి, రెక్క కనబడితే ఈల ఊదడం నా ఉద్యోగం. స్కూల్లో డ్రిల్లు మాస్టారి దగ్గర అడిగి తెచ్చుకున్న ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. మావయ్య అవతలి గోడ వైపు తిరిగి గాలం విసిరాడు. అతని వీపులో కూడా గర్వం కనబడింది.

పక్కకి చూస్తే అమ్మమ్మ లేదు. చెప్పులు మాత్రం ఉన్నాయి. చీర గోచీ పోసి కట్టుకుని ఎప్పుడు దిగిందో, అప్పటికే చాలా దూరం వెళ్లిపోయింది. అరవై దగ్గర పడిన మనిషి, మోకాళ్ల నొప్పులని గోడ పట్టుకుని నడిచే మనిషి, నీళ్లు చిందకుండా ఈదుతోంది. అమ్మమ్మకి ఈత వచ్చని నాకు తెలియదు. నేను పుట్టాక ఆమె నీళ్లలో దిగగా చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. కయాక్‌కి నాలుగు బారల దూరంలో తల కూడా కనబడకుండా మునిగింది.

తర్వాత కయాక్ ఒక్కసారి ఊగింది. మళ్లీ ఇంకా గట్టిగా ఊగింది. మావయ్య “సొర, సొర” అని అరిచిన అరుపు రాతి గోడలకి తగిలి తిరిగొచ్చింది. సముద్రానికి అంత దూరంలో, ఛత్తీస్‌గఢ్ నడిబొడ్డున, రాళ్లు తవ్విన గుంతలో. ఈల నా నోట్లోనే ఉంది, ఊదడం మర్చిపోయాను. కాపలా ముసలాయన చేతిలో బీడీ కింద పడేసుకున్నాడు. కయాక్ బోర్లా పడింది.

ఇందులో నవ్వుకోవలసింది అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత జరిగింది నాకిప్పటికీ స్పష్టంగా గుర్తుంది. బల్లెం ముందే అడుగుకి పోయింది. మావయ్య పైకి తేలి కయాక్ అంచు పట్టుకుని ఎక్కబోయాడు. జాలీ ఊచలు అరచేతుల్లో గుచ్చుకున్నాయి. ఒక వైపు బరువు పడగానే ఆ ఇనుమంతా కలిసి కయాక్‌ని అతని మీదికే తిప్పింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ తిరగబడింది. మూడోసారికి అతని చేతుల్లో బలం లేదు, ఊపిరి ఎగపోస్తున్నాడు. గొలుసు కాలికి చుట్టుకుంది. ఖారూన్‌లో అంత దూరం ఈదిన మా మావయ్య, గాలీ కెరటమూ లేని నీళ్లలో, మునిగిపోయేట్టున్నాడు. చొక్కా లేకపోతే ఏమయ్యేదో. అతని చేత ఈ ఇనుమంతా మోయించింది నా మాటలేనని ఆ క్షణంలో నాకు తెలిసింది. ఏడుపొచ్చింది.

అమ్మమ్మ దగ్గరే ఉంది. గొలుసు విడదీసింది, చొక్కా మెడ పట్టుకుంది, వెల్లకిలా తిప్పి లారీ దారి దాకా లాక్కొచ్చింది. ఇద్దరూ మోకాళ్ల లోతులో కూర్చున్నారు. మావయ్య దగ్గి దగ్గి, కోపంగా, చంపేస్తావా అమ్మా అన్నాడు. అమ్మమ్మ తల తుడుచుకుంటూ అంది. “నాను కిందుండబట్టి బతికేవు. ఆడ ఎవులుంటారు?”

ఊపిరి కుదుటపడ్డాక మావయ్య ఈదుకుంటూ వెళ్లి, తిరగబడిన కయాక్‌ని ఒడ్డుకి నెట్టుకొచ్చాడు. టెంపోలో స్పానర్ ఉంటే తెచ్చి, జాలీ మొత్తం తనే విప్పేశాడు. గొలుసు తీసి గట్టున పెట్టాడు. ఆ ఇనుమంతా ఎండలో కుప్పగా పడి ఉంటే నాకు చూడాలనిపించలేదు.

తర్వాత అమ్మమ్మ పాఠం మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు చేతులతో లాక్కోకూడదట. ముందు కాళ్లు వెనక్కి చాపి నీళ్ల మీద తేలాలి, కాళ్లు గట్టిగా కొట్టి రొమ్ము దాకా పైకి జారాలి, బియ్యం బస్తాలా అడ్డంగా పడుకోవాలి, ఊపిరి తీసుకోవాలి, ఆ తర్వాతే నెమ్మదిగా తిరిగి కూర్చోవాలి. ఆమె చిన్నప్పుడు తెప్ప మీద నేర్చుకుంది అదే. మావయ్య పడ్డాడు, ఎక్కాడు, పడ్డాడు. పడిన ప్రతిసారీ కయాక్‌ని వదలకూడదు, తెడ్డుని వదలకూడదు. తెడ్డుకి తాడు కట్టించింది. చిన్న కత్తి నడుముకి ఉండాలంది, గాలం దారం ఒంటికి చుట్టుకుంటే కోసుకోడానికి. ఎండ నెత్తికెక్కేదాకా వదల్లేదు. చివరికి అతను అమ్మమ్మ చెప్పకముందే ఎక్కేస్తున్నాడు.

నేను ఒడ్డునే నక్కి కూర్చున్నాను. అమ్మమ్మ నా వైపు తిరిగి రమ్మంది. “రాయే పిల్లా, నువ్వే కదా సొరల పంతులమ్మవి.” ఆ చొక్కా నాకు తొడిగి, నన్ను కయాక్ ఎక్కించి, లోతుకి తీసుకెళ్లి, చెప్పి మరీ పడేసింది. పడగానే నాకు ఏ సొరచేప పళ్ల వరుసలూ గుర్తురాలేదు. కాళ్లు కొట్టడం ఒక్కటే గుర్తుంది. నాలుగోసారికి ఎక్కి కూర్చున్నాను. అంతకు ముందు ఏ పరీక్షలోనూ నాకు అంత సంతోషం కలగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు టెంపో వెనక కయాక్‌ని పట్టుకుని కూర్చుని సొరల గురించి అమ్మమ్మని నేనే అడిగాను, ఈసారి చెప్పడానికి కాదు, వినడానికి. ఉంటాయంది. లోపల పెద్దవి ఉంటాయి, లేవని చెబితే అబద్ధం అంది. పట్టిన చేపని పడవ పక్కన నీళ్లలో వేలాడదీస్తే అవి వాసన పట్టుకుని వస్తాయి, అందుకని పెట్టెలో వేసి మూత పెట్టుకోవాలి. కనబడితే కాళ్లూ చేతులూ పైకి తీసుకుని, గాలానికి చేప ఉంటే దారం కోసేసి, అల్లరి చేయకుండా ఒడ్డు దారి పట్టాలి. అది దాని పని మీద అది పోతుంది. మా అమ్మ నన్ను కన్నప్పుడు పాలు పడాలని ఊరి నుంచి అమ్మమ్మే పాలసొర అనే చిన్న సొర తెప్పించి వండి పెట్టిందట. మా తీరంలో బాలింతలకి అది మందు. “దాని పాలు తాగి పెరిగినట్టే నువ్వు, దానికేటి బయం? గాలికి బయపడు. సెప్పకుండా ఎల్లిపోడానికి బయపడు.” వాళ్ల ఊళ్లో తిరిగి రానివాళ్లని ఆమె ఎరుగును. గాలి సముద్రం లోపలికి తిరిగాక కూడా ఇంకో చేప, ఇంకో చేప అనుకున్నవాళ్లు, ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పనివాళ్లు. వాళ్లలో సొర తీసుకుపోయినవాడు తనకి తెలిసి ఒక్కడూ లేడంది.

ఆ వేసవిలో మేం ముగ్గురం అమ్మమ్మ ఊరికి వెళ్లాం. మావయ్య ఒంటరిగా పోలేదు, అమ్మమ్మ తమ్ముడి తెప్ప పక్కనే వెళ్లాడు. ఎటు వెళ్లేదీ, పొద్దు ఎంత ఎక్కేసరికి తిరిగొచ్చేదీ అమ్మమ్మకి చెప్పి వెళ్లాడు. రెండో రోజు పొద్దున తిరిగి వస్తుంటే, కెరటాలు విరిగే చోటుకి ఇంకా అవతల, పక్క నుంచి వచ్చిన అల ఒకటి కయాక్‌ని బోర్లా వేసింది. ఒడ్డు నుంచి మాకు నీలం రంగు అడుగు భాగం మాత్రం కనబడింది. ఇసుకలో నిలబడిన ఆడవాళ్లు నీళ్ల అంచుకి జరిగారు. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. అరవలేదు, ముందుకి పరుగెత్తలేదు. ఆమె వేళ్లు నా మణికట్టు మీద ఎర్రగా దిగబడ్డాయి.

మావయ్య తల తేలింది. కయాక్‌ని తిప్పాడు. ఒకసారి జారిపోయాడు. రెండోసారి కాళ్లు నీళ్ల మీద తెల్లగా కొట్టుకోవడం కనబడింది, ఆ తర్వాత బస్తాలా అడ్డంగా పడుకున్న మనిషి కనబడ్డాడు, కాసేపటికి లేచి కూర్చున్న మనిషి. తెడ్డు చేతిలోనే ఉంది. తెప్ప మీదున్న అమ్మమ్మ తమ్ముడు చెయ్యి పైకెత్తి ఊపాడు.

“ఎక్కేడు” అంది అమ్మమ్మ. ఆ ఒక్క మాటే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వాటిని తుడుచుకోలేదు. పక్కనున్న ఆడవాళ్లలో ఒకామె, రాయ్‌పూర్‌లో పెరిగినోడికి ఎవరు నేర్పేరే అని అడిగితే, నేను అమ్మమ్మ కంటే ముందు జవాబు చెప్పాను. మావయ్య ఒడ్డుకి వచ్చాక పెట్టెలో నాలుగు కానాగంత చేపలు చూపించాడు. నీళ్లలో ఉన్నప్పుడు సొర గుర్తొచ్చిందా అని అడిగాను. అప్పుడే మొదటిసారి ఆలోచించినవాడిలా పెట్టె మూత వేస్తూ రాలేదన్నాడు.

సెలవులయ్యాక స్కూల్లో వేసవి గురించి వ్యాసం రాయమన్నారు. మా అమ్మమ్మ చేపల గంప మోసిన మనిషని, ఆమె నేర్పిన విద్య మా మావయ్యని సముద్రం నుంచి ఒడ్డుకి తెచ్చిందని హిందీలో రెండు పేజీలు రాసి, లేచి నిలబడి చదివాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఆ రోజు నేను లెక్కచేసేదాన్ని కాదు.

నాకిప్పుడు నలభై దగ్గర పడ్డాయి. అమ్మమ్మ లేదు. రాయ్‌పూర్‌లోనే బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు కయాక్ మీద చేపలు పట్టడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లని జలాశయానికి తీసుకెళ్తాను. పూరీకో విశాఖకో వెళ్లి సముద్రం మీద గాలం వేయాలని వాళ్ల సరదా. అందరూ మొదట సొరచేపల గురించే అడుగుతారు, ఫోన్లలో వీడియోలు చూపిస్తారు. నేను వాళ్లని ఎగతాళి చేయను, ఆ భయం రుచి నాకు తెలుసు. తెలిసినంత వరకు చెబుతాను. చెప్పాక చొక్కా బిగించమని, కయాక్ మీంచి పడమంటాను. పడి తనంతట తాను ఎక్కలేనివాళ్లని, ఎంత బతిమాలినా, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా, సముద్రానికి పంపను. ఈ విషయంలో నాకు మొండిదాన్నని పేరుంది.

మొన్నొక కుర్ర ఇంజనీరు, పదోసారి పడి ఎక్కి, కయాక్ మీద బోర్లా పడుకుని రొప్పుతూ, మేడమ్ మీరు కోర్సు ఎక్కడ చేశారు, గోవాలోనా అని అడిగాడు. తెప్పలవాళ్ల ఇంట్లో పుట్టిన మా అమ్మమ్మ దగ్గర, మందిర్ హసౌద్ ఖదాన్లో అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు ఎప్పుడూ కొంచెం పెద్దదవుతుంది, అవతలి ఒడ్డున గాలం వేసుకునేవాళ్లు కూడా తల తిప్పి చూస్తారు.